కుట్టుమిషను మీద పరిచిన పొర

ప్లాస్టిక్కు నుంచి కరెంటు తీస్తున్నానని చెప్పిన రోజు మా అమ్మ కుట్టుమిషను ఆపి, లేచి వచ్చి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరమేమోనని. నాకు ఒళ్ళు మండింది. నాలుగేళ్ళు యూనివర్సిటీలో పీహెచ్‌డీ కోసం గాడిదచాకిరీ చేసి సెలవులకు ఇంటికొస్తే ఇదా మర్యాద!

“ఏంది మే నువ్వు చెప్పేది? వైరు మింద తొడిగేదే ప్లాస్టిక్కు గదా, షాకు కొట్టకుండా. అది కరెంటిస్తాదా?” అంది. మా వైపు కూతుర్ని ‘మే’ అనే పిలుస్తారు.

ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసే దాకా నాకూ అంతే తెలుసు. తొంభైల మధ్య మాట ఇది. ప్లాస్టిక్కులన్నీ ఒక్కటి కావనీ, కొన్ని పాలిమర్లు వెలుతురును పీల్చుకుని కరెంటుగా మార్చగలవనీ పెద్ద పెద్ద లాబుల్లో అప్పుడప్పుడే తేలుతోంది. మా గైడు గారికి వేరే లాబు నుంచి అలాంటి పొడి కొంచెం దొరికింది. ముదురు ఎరుపు పొడి. క్లోరోఫాంలో కరిగిస్తే నారింజ రంగుకు తిరుగుతుంది, గాజు మీద పరిచి ఆరబెడితే మళ్ళీ ఎరుపెక్కుతుంది. మొదటిసారి దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చూసిన రోజే నేను మనసు పారేసుకున్నాను. ఆ పొడి అయిపోతే మళ్ళీ దొరికే దారి లేదని గైడు గారు నాకు రోజుకొకసారి చెప్పేవారు.

అమ్మకు అర్థమయ్యేలా చెప్పాలని కూర్చున్నాను. పొర మీద ఎండ పడితే లోపల ఒక ఎలక్ట్రాన్ లేస్తుంది. అది లేచిన చోట ఖాళీ మిగులుతుంది. ఆ రెండూ వెంటనే విడిపోవు. ఒకదాన్నొకటి పట్టుకునే కాస్త దూరం పోతాయి. ఈలోగా పొర అంచు తగిలిందా, విడిపోయి చెరో వైపు పోతాయి, అదే కరెంటు. తగల్లేదా, ఎలక్ట్రాన్ మళ్ళీ ఖాళీలో పడిపోతుంది, తాగిన ఎండంతా వృథా. పొర మందంగా ఉంటే అంచు దూరమైపోతుంది. మరీ పలచగా ఉంటే ఎండ ఆగకుండా దాటిపోతుంది. అందుకని పొర సరిగ్గా అంతే మందం ఉండాలి, గాజు పలక అంతటా ఒకటే మందం ఉండాలి.

“దోసె మాదిరి అను. మందమైతే లోపల పచ్చి, పల్చనైతే చిల్లులు,” అంది అమ్మ.

నేను రెండు పేజీల్లో రాసిన దాన్ని ఆమె ఒక ముక్కలో తేల్చేసింది.

ఆ పొరే నాకు కుదరడం లేదు. మా యూనివర్సిటీ ఊరికి సముద్రం దగ్గర. గాలి నిండా చెమ్మ. గాజు మీద చుక్క వేసి గిర్రున తిప్పితే ద్రావణం పలచగా పరుచుకోవాలి, క్లోరోఫాం ఎగిరిపోయి పొర మిగలాలి. క్లోరోఫాం ఎగిరేటప్పుడు గాజు చల్లబడుతుంది, గాలిలో చెమ్మంతా వచ్చి దాని మీద వాలుతుంది. తీసి చూస్తే గంజి పోసినట్టు తెల్లటి మచ్చలు. నాలుగేళ్ళలో పనికొచ్చిన పొరలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. జూన్ నెలాఖరుతో నా రిజిస్ట్రేషన్ గడువు తీరిపోతుంది. పొడిగించాలంటే గైడు సంతకం కావాలి. ఆయనకేమో నా మీద నమ్మకం సన్నగిల్లుతోంది.

అలాంటి వేళ మా ఉదయగిరి గుర్తొచ్చింది. మే నెలలో మా ఊళ్ళో కొండ రాళ్ళు కాగి ఆ సెగ పొద్దు గూకినా వదలదు. తీగ మీద రెండో చీర ఆరేసేలోపు మొదటి చీర ఎండిపోతుంది. ఉప్పు డబ్బా మూత తీసి పెట్టినా చెమ్మగిల్లదు. పుట్టినప్పటి నుంచి తిట్టుకున్న గాలి అది. ఆ గాలే నా పొరకు కావాలి! గైడు గారికి చెప్తే కాసేపు కళ్ళజోడు తుడుచుకుని, “సరే, వెళ్ళి చెయ్యి. తలుపులు తీసి ఉంచు, ఆ వాసన పీల్చకు,” అన్నారు. కరెంటు పారే పూత పూసిన గాజు పలకలూ, గోధుమ రంగు సీసాలో ద్రావణమూ పట్టుకుని బస్సెక్కాను. ఆత్మకూరులో దిగి, నేను ఇంటర్ చదివిన కాలేజీలో మా పాత లెక్చరర్ గారిని బతిమాలి ఒక మైక్రో అమ్మీటరు అడిగి తెచ్చుకున్నాను.

తిప్పే యంత్రం ఒకటి కావాలి కదా. టేబుల్ ఫ్యాను రెక్కలు పీకి, దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, ఇరుసు మీద గాజు పలక అతికించాను. అబ్బో, ఏదో సాధించాననుకున్నాను. మా ఊళ్ళో కరెంటు సంగతి మర్చిపోయాను. ఓల్టేజీ ఎక్కినప్పుడు ఫ్యాను ఈల వేస్తుంది, దిగినప్పుడు మూలుగుతుంది. మూడు పలకలు వరసగా పాడయ్యాయి. నేను ఫ్యానును నోటికొచ్చినట్టు తిడుతుంటే అమ్మ కాజాలు కుడుతూ తలెత్తకుండానే అంది.

“కరెంటు తియ్యడానికి మళ్ళీ కరెంటు కావాల్నా? నా కాలుండాది గదా.”

మొదట విసుక్కున్నాను. తర్వాత ఆలోచిస్తే తల తిరిగిపోయింది. తొక్కుడు మిషనుకు కింద పెద్ద చక్రం, పైన చిన్న చక్రం, దాని పక్కన బాబిన్‌కి దారం చుట్టే బుల్లి చక్రం. కింద పెద్ద చక్రం ఒకసారి తిరిగేలోపు బాబిన్ ఎన్ని చుట్లు తిరుగుతుందో కంటికి కనపడదు. నాకు కావలసిన వేగం అదే. చిక్కల్లా బాబిన్ బండిచక్రంలా తిరుగుతుంది, నా పలక తిరగలిలా మట్టంగా తిరగాలి.

మా పక్కింట్లో చెక్క స్పూన్లు చేసే సాయిబు తాత ఉండేవాడు. ఉదయగిరి స్పూన్లంటే ఊరూరా పేరు. ఆయన అరుగు మీద కూర్చుని చెక్కుతుంటే గరిటె అంచు కాగితంలా వచ్చేది. ఆయన మా మిషను చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి వెళ్ళిపోయాడు. మర్నాడు ఒక చెక్క దిమ్మె తెచ్చాడు. అందులో ఇరుసు నిలువుగా నిలబడుతుంది, దాని తల మీద బిళ్ళంత చెక్క పలక, నా గాజు సరిగ్గా ఇమిడేలా గాడి. మిషను చక్రం నుంచి నూలు తాడు మెలిపెట్టి ఇరుసుకు తగిలించాడు. “తిప్పి చూడు మే,” అన్నాడు. తిప్పితే ఆ చెక్క బిళ్ళ తిరుగుతున్నట్టే లేదు, అంత తూకంగా ఉంది. యూనివర్సిటీలో మేం పెట్టెలో భద్రంగా దాచుకునే యంత్రం ఇంతకంటే ఎక్కువ వణికేది.

అమ్మ తొక్కింది. నేను చుక్క వేశాను. గాజు మీద నారింజ రంగు ఒక్కసారి పరుచుకుని, చూస్తుండగానే ఎరుపెక్కి ఆరిపోయింది. తీసి ఎండకు పట్టాను. ఒక్క గీత లేదు, ఒక్క మచ్చ లేదు. నేను గట్టిగా అరిచాను. అమ్మ భయపడి పెడలు మీంచి కాలు తీసేసింది.

ఆ పొర మీద జిగురు లాంటి ఉప్పు పదార్థం పూసి, ఇంకో గాజు అంటించి, రెండు వైపులా క్లిప్పులు పెట్టి మిద్దె మీదకు తీసుకెళ్ళాం. మీటరు ముల్లు లేచి నిలబడింది. అమ్మ తన అరచెయ్యి అడ్డం పెట్టింది, ముల్లు పడిపోయింది. తీసింది, లేచింది. మళ్ళీ పెట్టింది. ఆ ఎర్రటి ఎండలో చెప్పుల్లేకుండా నిలబడి చిన్నపిల్లలా అదే ఆట.

“నిజమే మే,” అంది చివరికి. ఆ మాట కోసమే నేను పుట్టాననిపించింది.

మా నాయన నేను టెన్తులో ఉండగా పోయాడు. అప్పటి నుంచి మా ఇల్లు ఆ పెడలు మీదే నడిచింది. స్కూలు పిల్లల యూనిఫారాలు, జాకెట్లు, క్రిస్మస్‌కు తెల్ల గౌన్లు. నేను కూడా ఒక రోజు మిషను తొక్కి చూశాను, గర్వం కొద్దీ. ఇందులో ఏముంది, బొటనవేలితో నొక్కడమే కదా అని. నా పొర మీద ఇంద్రధనుస్సు చారలు వచ్చాయి. ఒక తొక్కు బలంగా, ఒక తొక్కు నీరసంగా పడితే వచ్చేవి ఆ చారలే. అమ్మ తొక్కిన పొరలో ఏనాడూ చార లేదు. నేను చదివిన చదువంతా చేరి ఆమె కాలు చేసే పనిని చెయ్యలేకపోయింది. ఆ సంగతి పైకి ఒప్పుకోవడానికి నాకు కొన్ని రోజులు పట్టింది.

అయితే ఒక పీడ పట్టుకుంది. వారమంతా పొరలు బాగానే వచ్చేవి. శుక్రవారం నాడు మాత్రం మందంగా వచ్చేవి. చారలు ఉండవు, చూడ్డానికి చక్కగా ఉంటాయి, కానీ ఎరుపు ముదిరిపోయి, ఎండలో పెడితే ముల్లు సగం కూడా లేవదు. మూడు శుక్రవారాలు ఇదే వరస. సీసా అదే, గాజు అదే, గాలి అదే, కాలు అదే. నా నోటుబుక్కు తీసి ఎన్నిసార్లు చూసినా కారణం దొరకలేదు. అన్ని కొలతలూ కాగితం మీద రాసి గైడు గారికి పోస్టు చేశాను. శుక్రవారాలవి దాచిపెడదామా అని ఒక నిమిషం అనుకున్న మాట నిజం. దాచలేదు, రాశాను.

ఆయన జవాబు రాశారు. నాలుగు వాక్యాలు. వారానికొక రోజు మారిపోయే కొలతను తాను నమ్మలేననీ, తానే ఉదయగిరి వస్తున్నాననీ, తన కళ్ళముందు ఐదు సెల్లులు చెయ్యమనీ, ఐదూ ఒకే కొలత చూపితే గడువు పొడిగింపు కాగితం మీద అక్కడే సంతకం పెడతాననీ. లేకపోతే ఇక్కడితో ఈ పని ఆపేద్దాం, నీ టైము నా టైము రెండూ వృథా అని చివరి వాక్యం.

సీసా ఎత్తి చూశాను. మహా అయితే తొమ్మిది చుక్కలకు సరిపడా ఉంది. అమ్మకు ఉత్తరం చదివి వినిపించాను. ఆమె అంతా విని, “పెద్దాయన ఏం తింటాడో కనుక్కో,” అంది.

ఒక బుధవారం సాయంత్రం ఆత్మకూరు బస్టాండుకు ఎదురెళ్ళాను. నెల్లూరు నుంచి దర్గాకు పోయే జనంతో కిక్కిరిసిన బస్సులో, సంచీ గుండెకు హత్తుకుని నిలబడే వచ్చారు మా సారు. చెమటతో చొక్కా తడిసిపోయి ఉంది. ఉదయగిరి చేరి, ప్రభుత్వ బంగళాలో గది చూపించి వచ్చాను. దారి పొడుగునా ఆయన నాతో మాట్లాడింది ఒక్కటే మాట, ఇక్కడ గాలి నిజంగానే పొడిగా ఉందే అని.

మర్నాడు తొమ్మిదింటికి మా ఇంటికి వచ్చారు. స్నానం, సంధ్య ముగించుకుని, నుదుటి మీద విభూతి రేఖలతో, తెల్ల పంచెతో. అమ్మ ఆయన్ను చూసి కొంగు సర్దుకుని గోడకు అతుక్కుపోయింది. గోడ మీద బైబిలు వాక్యం రాసిన కేలండరు ఆయన చూశారు. “కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా అమ్మా?” అని ఆయనే అడిగారు. అమ్మ కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగి నీళ్ళు తెచ్చింది. గటగటా తాగేశారు. సాయిబు తాత కూడా దిమ్మె సరిచూడ్డానికి వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు.

మొదలుపెట్టాం. అమ్మ తొక్కింది, నేను చుక్క వేశాను. తీసి చూస్తే చార! నా కళ్ళు నేను నమ్మలేదు. అమ్మ పొరలో చార. రెండోది వేశాను. ఒక పక్క మందం, ఒక పక్క పలచన. సారు నోటుబుక్కులో రాసుకున్నారు. మూడోది కూడా అంతే. నాలుగోదానికి అమ్మ పెడలు మరీ జాగ్రత్తగా, లెక్కపెట్టుకుంటున్నట్టు తొక్కింది. అది మరీ అధ్వానంగా వచ్చింది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

“ఏందమ్మా నువ్వు? ముప్పై ఏళ్ళ నించి తొక్కతా ఉండావు గదా, ఈ ఒక్క పూట కాలు పడిపోయినాదా? నాలుగేళ్ళ నా బతుకు నాశనం చేస్తా ఉండావు!”

సారు ముందర, తాత ముందర, ఇంత గొంతేసుకుని అరిచాను. అమ్మ కళ్ళు దించుకుంది. ఆ దించుకున్న చూపు ఈరోజుకీ నాకు గుచ్చుకుంటుంది.

సారు కలం మూత పెట్టి, “అరవడం ఆపు. మొన్నటికీ ఈరోజుకీ ఏం మారింది? అది చూడు,” అన్నారు.

నాకేం కనపడలేదు. కనపడింది తాతకు. గడప దగ్గర నుంచే అమ్మను అడిగాడు.

“ఏం బిడ్డా, ఈ పొద్దు పాట లేదేంది? నువ్వు పాడకపోతే నాక్కూడా ఉలి సాగలా.”

మా అమ్మ పాడకుండా మిషను తొక్కగా నేను పుట్టాక చూడలేదు. పెదాలు కదిలీ కదలకుండా, ఎప్పుడూ చర్చిలో పాడే ఒక సంఘం పాట. ఎంత అలవాటైపోయిందంటే ఆ పాట నాకు మిషను చప్పుడులోనే కలిసిపోయింది. ఉన్నప్పుడు వినలేదు, లేనప్పుడూ తెలుసుకోలేదు. మామూలు రోజుల్లో ఆమెకు ఇష్టమైన క్రిస్మస్ పాట, హుషారుగా సాగేది. శుక్రవారం పొద్దున చర్చిలో ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన ఉంటుంది. అక్కడ పాడేవి సిలువ మీద క్రీస్తు పడ్డ శ్రమల పాటలు, నిదానంగా, సాగదీసి. అక్కణ్ణుంచి వచ్చాక రోజంతా అవే నోట్లో ఆడతాయి. పాట నిదానిస్తే కాలు నిదానిస్తుంది, కాలు నిదానిస్తే పొర మందమవుతుంది. నా మూడు శుక్రవారాల బ్రహ్మరహస్యం ఇంతే!

“ఎందుకమ్మా పాడలేదు?” అన్నాను. ఈసారి నా గొంతు నాకే వినపడలేదు.

“పెద్దాయన, నిష్ఠగా ఉండే మనిషి. ఇంటికొచ్చినాయన ముందర మన పాటలెత్తుకుంటే ఏం బాగుంటాది మే? మనసులో పాడుకుందామని చూసినా, కుదర్లా,” అంది నేల చూస్తూ.

నాలుగేళ్ళలో సారు నవ్వగా నేను చూడ్డం అదే మొదలు. “అమ్మా, ఆ పాట మీ యంత్రంలో ఒక భాగం. దాన్ని తీసి పక్కన పెడితే మిగతాది ఎట్లా పనిచేస్తుంది? పాడండి. రోజూ పాడేదే పాడండి.”

అమ్మ మొదట సిగ్గుపడింది. రెండు చరణాల దాకా గొంతు లోపలే ఉంది. తర్వాత పెడలు చప్పుడు మారింది. గడప దగ్గర తాత మోకాలి మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు. సారు కళ్ళు మూసుకున్నారు. నేను సీసా తీశాను. అందులో ఐదు చుక్కలే ఉన్నాయి. కావలసినవీ ఐదే.

ఒకటి. అద్దంలా వచ్చింది. రెండు. మూడు. ఆ పొరల అందం ఏమని చెప్పేది! పలక పట్టుకుని ఎండకు ఎత్తితే అవతలి గోడ మీద ఎర్రటి చదరం పడింది, అంచు నుంచి అంచు దాకా ఒకటే ఎరుపు. నాలుగు. అమ్మ నుదుటి మీద చెమట కారుతోంది, తుడుచుకోవడానికి ఆగడం లేదు, పాట ఆపడం లేదు. నాకు లోలోపల ఏడుపొస్తోంది. ఇంకొక్కటి, ఇంకొక్కటే అనుకుంటూ డ్రాపరు ఎత్తాను.

చెయ్యి వణికింది. అంతే. చుక్క నడిమధ్య పడాల్సింది అంచున పడింది. గిర్రున తిరిగే పలక దాన్ని విసిరికొట్టింది. సగం గాజు ఎరుపు, సగం ఖాళీ. సీసా అడుగున ఇంకేం లేదు.

పాట ఆగింది. అప్పుడు అమ్మ పెడలు మీంచి కాలు తీసి, మోకాలు పట్టుకుని, సారు వైపు తిరిగి మెల్లగా చెప్పింది.

“నా కాలు తప్పినాది సారూ. మోకాలు పట్టేసినాది. బిడ్డ తప్పేం లేదు.”

నేను ఆమె ముఖంలోకి చూశాను. ఒక్క రెప్ప వెయ్యలేదు. పండుగ ముందర గిరాకీ ఊపులో ఎవరికైనా రేపిస్తానని చెప్పి ఎల్లుండి ఇస్తే, అబద్ధమాడినట్టయిందని ప్రార్థన చేసుకునే మనిషి ఆమె. గంట కిందట ఇంటికొచ్చిన మనిషి ముందర నేను ఆమెను నానా మాటలూ అన్నాను. నేను నోరు మూసుకున్నాను. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు హాయిగానే అనిపించింది.

నాలుగు పలకలూ ఆరాక సెల్లులుగా కట్టి, పన్నెండింటికి మిద్దెక్కాం. సారు ఎండలో గొడుగు కూడా వద్దన్నారు. మొదటి సెల్లు పెట్టాను, ముల్లు లేచి ఒక గీత దగ్గర నిలబడింది. రెండోది పెట్టాను, అదే గీత. మూడోదీ అదే. నాలుగోది పెట్టేటప్పుడు నేను చూడలేక ముఖం తిప్పుకున్నాను. “చూడు,” అన్నారు సారు. అదే గీత. వెంట్రుక తేడా లేదు. మనిషి కాలితో తొక్కి, పాటతో నడిపి చేసిన నాలుగు పొరలు ఆ ఎండలో ఒకే కొలత చెప్తున్నాయి. ఆయన వంగి వాటిని చాలాసేపు చూశారు.

కిందకొచ్చాక సంచీలోంచి కాగితం తీసి మిషను బల్ల మీద పరిచారు. పొడిగింపు కాగితం. కలం తీశారు. సంతకం పెట్టకుండా, నా నోటుబుక్కును నా ముందుకు తోశారు.

“ఐదోది ఎందుకు పాడయిందో రాయి. రాశాక పెడతాను.”

కలం పట్టుకున్నాను. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తోంది, రాయి రాయి అన్నట్టు తల ఊపుతోంది. తొక్కేవారి మోకాలు నొప్పి అని రాస్తే అయిపోతుంది. ‘తొ’ అనే అక్షరం రాశాను కూడా. ఆ పైన నా చెయ్యి కదల్లేదు. ముప్పై ఏళ్ళు చార పడని ఆ కాలి మీద, ఆ పుస్తకంలో, నా చేత్తో నేను మచ్చ వెయ్యాలి. నా వల్ల కాలేదు.

“మా అమ్మ కాలు తప్పలేదు సార్. నా చెయ్యి వణికింది. చుక్క అంచున పడింది.”

అమ్మ “అయ్యో!” అంది. ఆయన పుస్తకం వైపు చూపించారు. ‘తొ’ కొట్టేసి ఆ మాటే రాశాను. నాలుగు వచ్చాయి, ఐదోది నా చెయ్యి వణికి పాడయిందని. ఆయన చదివి, కాగితం మీద సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊది నా చేతికిచ్చారు.

బస్సు దగ్గర దించడానికి వెళ్ళినప్పుడు ఆయనే అన్నారు. “నేను అమ్మగారి కాలు చూడలేదు. మొదటి నుంచీ నీ చెయ్యే చూస్తున్నాను.” బస్సు కదిలాక గానీ ఆ మాట నాకు పూర్తిగా ఎక్కలేదు. అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను.

ఇంటికొస్తే అమ్మ కోపంగా ఉంది. “నేను చెప్పినాను గదా, నువ్వెందుకు మే మధ్యలో నోరు తెరిచినావు? ఆయన పెట్టకపోయుంటే?” అంటూ నా పళ్ళెంలో అన్నం కుమ్మరించింది. పొద్దున అరిచినందుకు తప్పయిపోయిందమ్మా అని చెప్పడానికి నోరు తెరిచాను. “తిను ముందు,” అంది. చెప్పలేకపోయాను.

ఆ ఆదివారం చర్చికి నేను కూడా వెళ్ళాను. ప్రసంగం ముందు ఎవరికైనా సాక్ష్యం చెప్పాలని ఉంటే లేచి చెప్పడం మా సంఘంలో ఆనవాయితీ. జబ్బు నయమైందనో, ఉద్యోగం వచ్చిందనో చెప్పి దేవుణ్ణి స్తుతిస్తారు. మా అమ్మ అన్నేళ్ళలో ఏనాడూ లేచింది లేదు. ఆ రోజు లేచింది. నా డాక్టరేటు గురించి గొప్పలు చెప్తుందేమోనని నేను చాప మీద కుంచించుకుపోయాను.

“మొన్న గురువారం ఒక పెద్దమనిషి ముందర నేను అబద్ధమాడినాను. నా బిడ్డ తప్పు నా మీదేసుకున్నాను,” అంది. “దేవుణ్ణి క్షమించమని అడగతానే ఉండాను. అడిగే నోటితోనే, మళ్ళీ అట్టాంటి పొద్దొస్తే మళ్ళీ ఆడతానని కూడా ఆయనకు చెప్పినాను. నాకు ఇంకో దారి కనపళ్ళా. మీరందురూ నా కోసరం ప్రార్థన చెయ్యండి.”

అని కూర్చుంది. పాస్టరు గారు ప్రార్థన చేద్దాం అన్నారు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఆడవాళ్ళ వరసలో మూడో చాప మీద, ముసుగు కింద చేతులు జోడించుకున్న మా అమ్మను చూస్తూ ఉండిపోయాను.